పదకొండో పుట

మేనక చచ్చిపోయిందని తేల్చడానికి ఇన్‌స్పెక్టర్ అన్బళగన్‌కు ఒక్క కాగితం సరిపోయింది. కాదని తేల్చడానికి ఉషకు మిగిలింది మూడు గంటల నలభై నిమిషాలు. సాయంత్రం ఆరింటికి హొగెనకల్ దగ్గర ఏట్లో వెతుకుతున్న పరిసళ్లు, ఆ గుండ్రటి బుట్టపడవలు, ఒడ్డుకు వచ్చేస్తాయి. ఆ తర్వాత ఫైలు కట్టేస్తారు. ఫైలు కట్టేసిన మనిషిని బతికించడం యముడి వల్ల కూడా కాదని, ఇరవై ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీలకు చావులు విచారించిపెట్టిన ఉషకు బాగా తెలుసు.

గురువారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు ఆమె మళ్లీ స్టేషన్ మెట్లెక్కింది. వరండాలో బెంచీ మీద, కూతుర్ని వెతికిపెట్టమని ఉషను బతిమాలిన మేనక తల్లి నాగవేణమ్మ ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చునుంది. మూడు రోజులుగా పగలంతా ఆమె అక్కడే ఉంటోంది. అన్నం తిన్నావా అని అడిగినవాళ్లకల్లా తిన్నానని అబద్ధం చెబుతోంది.

"మళ్లీ వచ్చారా, మేడమ్?" అన్నాడు అన్బళగన్ తమిళంలో. అతనికి ఇంట్లోనూ తమిళమే, బయటా తమిళమే. "ఏం దొరికింది?"

"ముందు మీకు దొరికింది ఇంకోసారి చూపించండి."

అతను నిట్టూర్చి ప్లాస్టిక్ కవరులోని కాగితాన్ని బల్ల మీదికి తోశాడు.

మేనకకు ఇరవై తొమ్మిదేళ్లు. నల్లంపల్లి పిల్ల. రెండేళ్లు కౌలాలంపూర్‌లో ఒక భోజన హోటల్లో పనిచేసి వచ్చి, ఎనిమిది నెలల కిందట ధర్మపురిలో వసంతకుమార్ నడిపే ట్రావెల్స్ ఆఫీసులో చేరింది. మొదటిసారి విమానమెక్కే పల్లెటూరి ఆడవాళ్లకు ఆ ఊరెలా ఉంటుందో, విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా పోవాలో వివరించి చెప్పడం ఆమె పని. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు, "గ్రూపు పనిమీద బెంగళూరుకు పోతా ఉండాను. నాలుగు దినాలు ఫోన్ చెయ్యను, నువ్వు గాబరా పడొద్దు" అని తల్లికి చెప్పి బయల్దేరింది. అప్పట్నుంచీ ఆమె ఫోను కలవడం లేదు. ఆ మధ్యాహ్నమే ఆమె స్కూటరు హొగెనకల్ పార్కింగులో దొరికింది. ఈ కాగితం దాని సీటు కింది పెట్టెలో ఉంది.

మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ఈ పక్క తెలుగిళ్లలో అందరి రాతా అంతే. ఉషదీ అంతే. ఏ. పళ్లిపట్టిలో గొర్రెల మందల మధ్య పెరిగిన ఆమెకు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగక్షరం ఎప్పుడైనా తిరుపతి బస్సు నుదుటి మీద కనబడితే ముగ్గు చూసినట్టు చూసి ఊరుకుంటుంది.

అన్బళగన్ వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు. "ఇదే నా గతి. ఇంక వెతకొద్దు. కిందికి చూస్తే ఏరు కనిపిస్తుంది. భయపడొద్దు. నేను ముందే పోయింటాను." తలెత్తాడు. "నాకు తెలుగు రాదు. అయినా 'గతి' మాకూ గతే. ఇంతకంటే ఏం రాయాలి మేడమ్? మూలన సున్నా చుట్టి పదకొండు అని తేదీ కూడా వేసింది. మంగళవారం పదకొండో తేదీ."

"నెల వెయ్యలేదే?"

"చావబోయేవాళ్లు నెల వేస్తారా?"

"తేదీ వేసేవాళ్లు నెల కూడా వేస్తారు సార్. ఈ కింది అంచు చూడండి. పక్క అంచు చేత్తో చింపింది. కింది అంచు కత్తెరతో కోసింది. ఏట్లో దూకబోయే మనిషికి కత్తెర ఎందుకు?"

"పొదుపు," అన్నాడతను. తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు.

ఉష నవ్వలేదు. కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, పెరట్లో పట్టుకొచ్చిన బళ్ల మధ్య నిలబెట్టిన మేనక స్కూటరు దగ్గరికి నడిచింది. అన్బళగన్ చేతులు కట్టుకుని వెనకాలే వచ్చాడు. ఆమె స్కూటరెక్కి కూర్చుని రెండు అద్దాల్లోకీ చూసింది. కుడి అద్దంలో వేపచెట్టు చిటారుకొమ్మ, ఎడమ అద్దంలో ఉత్త ఆకాశం.

"మేనక నాకంటే రెండంగుళాలు పొట్టి. ఈ అద్దాల్లో ఆమెకు కనబడేది కాకులే. వీటిని తిప్పుకున్నది ఎవరో పొడుగాటి మనిషి."

"మావాళ్లెవరో తిప్పి ఉంటారు, నడుపుకొచ్చేటప్పుడు."

"నడపలేదు సార్. బ్రేకు పట్టదని వ్యాన్‌లో ఎక్కించి తెచ్చారు. మీ రిజిస్టర్లోనే ఉంది. పొద్దున చూశాను."

ఉష వేళ్లు మడిచింది. "బ్రేకు పోయిందనే శనివారం నుంచి ఈ స్కూటరు ట్రావెల్స్ ఆఫీసు వెనక నిలబడి ఉంది. తాళంచెవి ఆఫీసులో మేకుకు తగిలించి, మేనక బస్సులో ఇంటికి పోతూ వస్తూ ఉంది. మంగళవారం హొగెనకల్ పార్కింగు చీటీ మీద టైము ఏడూ నలభై. ఇక్కణ్ణుంచి గంటా పావు. అంటే ఆరున్నరకల్లా ఆఫీసు దగ్గర బండి తియ్యాలి. ఆ ఆఫీసు షట్టరు తొమ్మిదికి తెరుస్తారు. షట్టరు తాళం వసంతకుమార్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు."

"ఇదంతా ఆ తల్లి చెప్పింది. ఏ తల్లి ఒప్పుకుంటుంది మేడమ్, కూతురు దూకిందని?"

"అందుకే మీరు ఒక్క గంట నాతో రండి. నేను తప్పయితే మళ్లీ మీ మెట్లెక్కను."

అతనికి ఆ బేరం నచ్చింది. టోపీ తీసుకున్నాడు.

నాగవేణమ్మనూ జీపెక్కించుకున్నారు. దారిలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఉషకు మాత్రమే వినబడేలా అంది. "నిన్న రాత్రి ఆ వసంతకుమార్ ఇంటికొచ్చినాడు, ఉషమ్మా. పరామర్శకని అరటిపండ్లు తెచ్చినాడు. 'మీ పాప కౌలాలంపూర్లో యాడుండేది, అడ్రసుండాదా' అని రెండు తూర్లు అడిగినాడు. యాల అడిగేది? పాప పోయింది హొగెనకల్లో అంటా ఉండారు కదా?"

"నువ్వేం చెప్పినావు పెద్దమ్మా?"

"నాకేం తెలుసు, తెలీదన్నా."

ఉష ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంది. చచ్చిపోయిన మనిషి అడ్రసు బతికున్నవాడికి ఎందుకు?

ట్రావెల్స్ ఆఫీసులో ముందు గది, వెనక గది, మధ్యన సగం ఎత్తు చెక్క తడిక. గోడకు రెండు గడియారాలున్నాయి. ఒకదాని కింద ధర్మపురి అని, రెండోదాని కింద కౌలాలంపూర్ అని రాసుంది. ఇక్కడ మూడు దాటి అయిదు నిమిషాలైతే అక్కడ అయిదూ ముప్పయ్యయిదు. గోడంతా రంగుల ప్రకటన: తొమ్మిది రోజుల యాత్ర, మురుగన్ గుహలు, విమానాశ్రయం నుంచి ఉచిత వ్యాన్. వసంతకుమార్ లేచి నమస్కారం పెట్టాడు. ఆరడుగుల మనిషి, నుదుట విభూతి, గొంతులో తేనె. తడిక మీద గడ్డం ఆనించి మాట్లాడగల ఎత్తు.

"ఏం సాయం కావాలన్నా చేస్తాను మేడమ్. మేనక నాకు చెల్లెలిలాంటిది."

"మంగళవారం షట్టరు ఎన్నింటికి తీశారు?"

"ఎప్పట్లాగే తొమ్మిదికి."

"మేనక స్కూటరు తాళంచెవి?"

"ఆమె దగ్గరే ఉండేది."

"ఆ మేకు కింద ఆమె పేరు రాసుందే?"

అతను మేకు వైపు చూశాడు. "శనివారం తీసుకుపోయింది."

"బ్రేకు లేని బండి వదిలిపెట్టి, తాళంచెవి మటుకు తీసుకుపోయి ఏం చేసుకుంటుంది? పోనీ. సోమవారం రాత్రి తొమ్మిదింటికి ఆమెకు ఫోను చేసి పక్కనున్న తల్లికి వినబడేంత గట్టిగా అరిచారట. ఏం జరిగింది?"

"అరవడమా! పని విషయం మేడమ్. ఇవాళ రాత్రి విమానానికి తొమ్మిదిమంది ఆడవాళ్లు బయల్దేరుతున్నారు. టికెట్ల గొడవ."

అన్బళగన్ గడియారం చూసుకున్నాడు. ఉష వెనక గదిలోకి పోయి మేనక బల్ల ముందు కూర్చుంది. సొరుగులో పెన్నులు, జిగురు, పొడుగాటి కత్తెర. వాటి కింద నల్ల అట్ట నోటుబుక్కు. అదీ తమిళ అక్షరాల్లో తెలుగే. కాగితానికి ఒక పక్కనే రాసుంది, ప్రతి పుట మూలనా సున్నా చుట్టి ఒక అంకె ఉంది. ఉష ఒక్కొక్క పుటకూ ఫొటో తీస్తూ చదువుకుంటూ పోయింది. చావు ఊసే లేదు. ఎక్కడ చూసినా ఒక హుషారైన పిల్ల గొంతు.

'విమానం దిగినాక తొందరొద్దు. అందరూ పోయే దిక్కే పోండి, మూత్రానికి పోయేవాళ్ల వెనకాల మాత్రం పోవద్దు. పాస్‌పోర్టు ఆఫీసరుకు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. ఇంకెవరడిగినా ఇవ్వొద్దు. బయట మీ పేరు బోర్డు పట్టుకుని ఎవరు నిలబడినా వాళ్ల బండి ఎక్కొద్దు. కిందికి పోతే రైలుంది. అర్ధగంటలో ఊరి నడుమ దింపుతుంది. బస్సు చవక, గంట పడుతుంది. రెండూ మంచివే. వ్యాన్ మటుకు వద్దు.'

'ఈ ఊళ్లో మలాయివాళ్లు, చైనావాళ్లు, మనవాళ్లు ఒకే వీధిలో ఉంటారు. మసీదు దాటితే గుడి, గుడి దాటితే చైనావాళ్ల గుడి. ఎక్కడ విడిచినా చెప్పులు పోవంటారు. నావి ఒకసారి పోయినాయి. తాళాల అంగడి చైనా పెద్దాయన అరవం మాట్లాడితే నోరు తెరుచుకుని నిలబడొద్దు, ఈగ దూరుతుంది. ఏ కష్టమొచ్చినా ఆయనకు చెప్పండి, ఇది ఆయన నంబరు. నోట మాట రాకుంటే తోలోంగ్ అనండి. మలాయిలో కాపాడండని అర్థం.'

ఉషకు నవ్వొచ్చింది. ఇలా రాసే పిల్లను వెతకడం మానేస్తారా ఆరింటికి? పదో పుటలో ఒక వీధిలోని చోట్లు వరసగా రాసున్నాయి. సిమ్ కార్డు అంగడి, ఆడ డాక్టరు, ఇడ్లీ దొరికే చోటు. చివరి వాక్యం: 'తాళాల అంగడి పక్కన మెట్లెక్కితే రెండో మేడలో పచ్చ తలుపు.' పుట తిప్పింది. పన్నెండు.

"సార్," అంది ఉష. "పదకొండు తేదీ కాదు."

అన్బళగన్ వచ్చి వంగి చూశాడు. పది, పన్నెండు. మధ్యన కుట్టు దగ్గర చింపిన పీలిక. అతని మెడ ఎర్రబడింది. గట్టివాడే గానీ చెడ్డవాడు కాదు. తప్పు కళ్లెదుట కనబడితే చూడనట్టు నటించడం అతనికి చేతకాదు.

"వసంతకుమార్!" అన్నాడు గొంతు మార్చి. "మీ వ్యాన్ ఎక్కొద్దని మీ దగ్గర పనిచేసే మనిషే రాసిపెట్టింది. తెలుసా?"

తడిక మీద గడ్డం ఆనించి నిలబడ్డ వసంతకుమార్ మెల్లగా నవ్వాడు. "నాకు తెలుగు ఎక్కడొచ్చు సార్? అక్షరం తెలిసినంత మాత్రాన అర్థం తెలుస్తుందా?"

ఆ మాట ఉషకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే, అక్షరం తెలిసినంత మాత్రాన అర్థం తెలియదు. ఈ కాగితాన్ని అన్బళగన్ చదివాడు, తాను చదివింది. ఇద్దరికీ ఒకే అర్థం తోచింది. కానీ ఎవరి మాట ఇది? ఎవరింటి మాట? మూడు రోజుల్లో ఈ కాగితం చూపించని మనిషి ఒక్కతే ఉంది. ముసలమ్మను ఏడిపించడమెందుకని, 'ఇదే నా గతి' అని రాసి ఏట్లో దూకిందని నోటితో చెప్పి ఊరుకున్నారు.

నాగవేణమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునుంది. ఉష ఫోనులో ఫొటో పెద్దది చేసి ఆమె చేతికిచ్చింది. "పెద్దమ్మా, ఇది నువ్వు చదువు. గట్టిగా చదువు."

ముసలామె కళ్లద్దాలు సవరించుకుంది. పెదాలు కదిలాయి. ఒకసారి లోలోపలే చదువుకుంది, తర్వాత బయటికి.

"ఇదే నా గది."

అని ఆగింది. ముఖమంతా ఒక్కసారిగా విచ్చుకుంది.

"అయ్యో, ఇది గది కదమ్మా! గతి అంటారేంది వీళ్లు? గది! మా పాప గది! మీరంతా రూము అంటారు, మా ఇంట్లో మటుకు మా అత్త కాలం నుంచీ గదే అనేది!"

ఉష నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. తమిళ రాతలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకు ఒకటే అక్షరం. గది రాసినా అదే, గతి రాసినా అదే. పైగా తమిళం నోట గతి కూడా గది అన్నట్టే పలుకుతుంది. పళ్లిపట్టిలో గది అనే మాట ఎవరూ వాడరు. తెలుగు మాటను ఆమె ఇన్ని గంటలూ తమిళం చెవితో వింది.

నాగవేణమ్మ ఆనందం కట్ట తెగింది. ఫోను ఊపుతూ చెప్పుకుపోతోంది. "రాసినప్పుడల్లా నాకు చదివి చూపించేది. నాకర్థమైతే ఎవురికైనా అర్థమైనట్టే అనేది. తాళాల అంగడి పక్కన మెట్లు, రెండో మేడ, పచ్చ తలుపు. ఇదే నా గది. ఇంక వెతకొద్దు. కిటికీలో కిందికి చూస్తే ఏరు. భయపడొద్దు. నేను ముందే పోయింటాను! ఆ ఆడవాళ్ల కన్నా ముందే పోయింది, దింపుకునేదానికి. నా బిడ్డ బతికుండాదమ్మా! ఆ గదిలో ఉండాది!"

అన్బళగన్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఏట్లో వెతకడం ఆపమని చెబుతాను," అన్నాడు చిన్నగా. "కానీ మేడమ్, బతికున్న మనిషిని చచ్చిందని నమ్మిస్తే ఎవరికి లాభం? రేపు తిరిగొస్తుంది కదా?"

"తిరిగి రానివ్వకూడదు అనుకున్నవాడికి," అంది ఉష. మాటలు నోట్లోంచి వస్తుండగానే ఒక్కొక్క ముడీ విడిపోతోంది. "వాడి వ్యాన్ ఎక్కిన ఆడవాళ్ల పాస్‌పోర్టులు లాక్కుంటారని మేనకకు తెలిసిపోయింది. సోమవారం రాత్రి వాడికి ఈ పుస్తకం దొరికింది. తెల్లారేసరికి ఆమె బయల్దేరింది. ఇక్కడ చచ్చిపోయిన మనిషిని అక్కడ ఎవరు వెతుకుతారు సార్? ఆమెకు అక్కడేం జరిగినా అడిగేవాళ్లుండరు. వాడికి తెలియనిదల్లా ఆమె అక్కడ ఎక్కడుందో. అందుకే నిన్న పెద్దమ్మను రెండుసార్లు..."

ఆగిపోయింది.

తడిక మీద గడ్డం లేదు.

ముందు గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద ఫోను లేదు. ఆమె అటు తిరిగేసరికి షట్టరు దబ్బున కిందికి పడింది. బయట తాళం తిరిగింది, ఆ తర్వాత మోటారుసైకిల్ చప్పుడు. అన్బళగన్ పరుగెత్తి షట్టరును భుజంతో గుద్దాడు, తర్వాత ఫోనెత్తి స్టేషన్‌ను కేకేశాడు.

వాడు ఎంత దూరం పోయినా ఉషకు లెక్కలేదు. వాడి ఫోను ఎంత దూరం పోతుందనేదే ఆమె భయం: పదో పుటలోని ఆ వీధిలోనే మేనకను వెతుకుతూ ఉండే వాడి వ్యాన్ మనుషుల దాకా. వసంతకుమార్ కూడా ఆ పుటను గతి అనే చదివాడు. అందుకే అది చావుచీటీగా పనికొస్తుందనుకుని, తాను వెతుకుతున్న చిరునామాను తానే చింపి పోలీసుల చేతిలో పెట్టాడు. పదో పుటలోని పచ్చ తలుపు వాడికి నాలుగు చోట్లలో ఒక చోటు మాత్రమే. అది ఎవరి తలుపో ఈ లోకంలో వాడికి చెప్పగలిగింది ఈ తల్లి ఒక్కతే. ఆమె చేత వాడి ముందే గట్టిగా చదివించింది తాను. తెలివి ఎక్కువైనవాళ్లు చేసే పని ఇలాగే ఉంటుంది.

"పెద్దమ్మా, ఈ పుటలో ఇంకేమన్నా ఉందా? కింద కోసేసినారు."

ఏం జరిగిందో నాగవేణమ్మకు ఇంకా అర్థం కాలేదు. నవ్వు ముఖంతోనే అప్పజెప్పింది. "ఉండాది కదా. 'లోపల నేను లేకుంటే తాళంచెవి చెప్పుల పెట్టె వెనకాల ఉంటుంది' అని."

చావుచీటీలో తాళంచెవి ఉండకూడదు కాబట్టి కోశాడు. తెలుగు రాదన్నది అబద్ధం, కోసిన ముక్కను చదివే కోశాడు. తాళంచెవి ఎక్కడుందో మూడు రోజులుగా వాడికి తెలుసు. అది ఏ తలుపుదో ఇప్పుడు తెలిసింది.

కౌలాలంపూర్ గడియారం ఆరు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఉష నాగవేణమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని, ఫొటోలు వెనక్కి తిప్పి తాళాల అంగడి నంబరు పట్టుకుంది. వాట్సాప్‌లో కలిపింది. రెండు పోయాక మూడో రింగుకు ఎవరో ఎత్తారు. ముసలి గొంతు, అర్థం కాని భాష. "అయ్యా, తమిళ్, తమిళ్," అంది ఉష. అటువైపు అంగడిలో యంత్రం గరగరమంటోంది. గొంతు విసుక్కుంది. పెట్టేసేలా ఉంది. ఆ మలాయి మాట ఏది? రాసింది ఎదురుగా ఉంది. తోలోంగా, దోలోంగా? మళ్లీ అదే అక్షరం, త అవుతుందో ద అవుతుందో చెప్పని అక్షరం. ఉష నోరు తెరిచి, తప్పు పలుకుతానేమోనని తడబడింది.

నాగవేణమ్మ ఉష ముఖం చూసింది. మూసిన షట్టరు చూసింది. అప్పటికి ఆమెకు అర్థమైంది. ఫోను లాక్కుంది. కూతురు పదిసార్లు పలికించిన మాట, ఎప్పుడూ విమానం ఎక్కని ఆమె గొంతులోంచి కేకయి వచ్చింది.

"తోలోంగ్! తోలోంగ్, సామీ! తోలోంగ్!"

అటువైపు యంత్రం ఆగిపోయింది.

"ఎవరమ్మా మీరు?" అంది ముసలి గొంతు. యాస వింతగా ఉన్నా స్పష్టమైన తమిళం. "ఏమైంది?"

"మేనక అమ్మను సామీ! పచ్చ తలుపు పాప అమ్మను! పాప ఉండాదా?"

"ఉంది, ఉంది. ఇందాకే పాలు కొనుక్కుని పైకి పోయింది. మీ చుట్టం కూడా వచ్చాడు కదా? ఇప్పుడే పచ్చ తలుపు ఏ మేడ అని అడిగి మెట్లెక్కాడు."

నాగవేణమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. "వాడు మావాడు కాదు సామీ," అంది. "ఆపు. నా బిడ్డను కాపాడు."

అటువైపు ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, ఇనప సామానేదో చేతికి తీసుకున్న చప్పుడు వినిపించాయి. తర్వాత చెక్కమెట్లు ఎక్కుతున్న ముసలి అడుగులు, ఒకటొకటిగా, దూరమవుతూ.